తొందర లేని మనిషి

ఆ మధ్యాహ్నం బహ్రెయిన్ విమానాశ్రయంలో దేవేందర్‌కి చొక్కా కన్నా కోపమే బిగుతుగా ఉంది.

క్యూ కదలడం లేదు. ‘క్యూం?’ అని హిందీలో అడిగినా చెప్పే దిక్కు లేదు.

కారణం ఎదురుగానే ఉంది. ముందు నిలబడ్డ ముసలాయన కౌంటర్ మీద వలెన్సియా నగరం పటం పరిచి, కౌంటర్‌లోని అమ్మాయిని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. అమ్మాయికి తెలియనివి వెనక్కి తిరిగి దేవేందర్‌ని అడిగాడు.

“బేటా, తెలుగోనివే గదా? విమానం దిగినంక ఊళ్లెకు మెట్రో ఉన్నదట. ట్రాము యాడ మారాలె?”

“నేనేమన్న ఆ ఊరి అల్లున్నా? నాకెట్ల ఎరుక!”

ముసలాయన నొచ్చుకోలేదు. “మాది మెట్‌పల్లి. ముర్తుజా అంటరు. ఈడ బహ్రెయిన్ల, గలాలీల డ్రైవర్ పని జేస్త. స్పెయిన్‌కు పోవుడు ఇదే మొదలు” అని మళ్లీ పటం మీదికి వంగాడు. “ఇగో, ఈ పచ్చటిది నదట. నీళ్లు మళ్లించి తోట జేసిన్రట.”

“తోటల తిరుగు, సముద్రంల తానం జెయ్యి! ఎవని పయినం వానిది!”

స్పెయిన్ పయనంలో పెయిన్ మాత్రం తనొక్కడిదే అని దేవేందర్ నమ్మకం. బహ్రెయిన్‌లోనే రిఫాలో సెంట్రింగ్ మేస్త్రీ అతను. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమాని, కఫీల్, దాన్ని చేతికివ్వడానికి ముక్కాడు. వీసా ఇవ్వడానికి ఆఫీసువాళ్లు మూలిగారు. ఇంత ముక్కుడూ మూలుగుడూ దాటొస్తే, ఇక్కడ ఈ ముసలాయన ముచ్చట్లు!

కౌంటర్ అమ్మాయి తలెత్తింది.

“సారీ. విమానం నిండిపోయింది. ఒక్క సీటే ఉంది. ముందున్నవారికి ఇవ్వాలి. మిగతావాళ్లు ఎల్లుండి వెళ్లాలి.”

దేవేందర్ బ్యాగు నేలకేసి కొట్టాడు.

“ఎల్లుండా? టికెట్లు అమ్మేటప్పుడు కండ్లు యాడ వెట్టుకున్నరు? ఆడ నా తమ్ముడు దవాఖానల పడున్నడు! ఓడల సామాన్ కాళ్ల మీద పడ్డది. రేపు పొద్దుగాల ఆపరేషన్. మళ్ల లేస్తడో లేవడో తెల్వదంటున్నరు. ఎల్లుండి పోయి ఎవని మొఖం జూడాలె?”

అతని కోపం ముర్తుజా మీదికి మళ్లింది.

“షికార్లకు పొయ్యేటోనికి సీటు! సావుబతుకుల తమ్ముడున్నోనికి ఎల్లుండి! నీ షికార్ల మన్నువడ!”



“ఏ ఓడ, బేటా?” అన్నాడు ముర్తుజా.

“ఏ ఓడైతే నీకేంది? కొంటవా?” అంటూనే దేవేందర్ ఓడ పేరు అరిచాడు.

“తమ్ముని పేరు?”

“వెంకటి! ఇంకేం గావాలె, మా తాత పేరు జెప్పాల్నా?”

పటం మడుస్తున్న ముర్తుజా చెయ్యి సగంలో ఆగింది.

తర్వాత ఆయన కౌంటర్ వైపు తిరిగాడు. “అమ్మా, నా సీటు ఈయనకియ్యి.”

“అంకుల్, మీరు రేపే కదా అక్కడ...”

“ఖలాస్ అమ్మా. రాసియ్యి.”

మడత పెట్టిన పటాన్ని దేవేందర్ జేబులో పెట్టాడు. “నీది తొందర పని, బేటా. నాకు తొందర లేదు. యల్లా, నడువు.”

దేవేందర్ థాంక్స్ చెప్పలేదు. ‘ఇచ్చే సీటేదో ముందే ఇస్తే ఇంత గొంతు చించుకునే పని లేకపోయేది గదా’ అని గొణుక్కుంటూ పోయాడు.

తెల్లారి వలెన్సియాలో ఆ పటమే అతనికి దారి చూపింది. మెట్రో ఎక్కించింది, ట్రాము మార్పించింది. సముద్రపు ఒడ్డున ఇసుకలో బంతులాడే జనాన్ని, నీళ్లు లేని ఆ నదిని దాటించి దవాఖానకి చేర్చింది.

వెంకటిని అప్పుడే ఆపరేషన్‌కి తోసుకుపోతున్నారు.

“అన్నా, వచ్చినవా!” వెంకటి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “సామాన్ మీదికొస్తుంటే ఓడల నాతోని పనిజేసే రాహీల్ నన్ను పక్కకు నూకిండే. లేకుంటే కాళ్లు గాదు, నేనే పోదును. వాడు దాని కిందనే ఉండిపోయిండు. ఇయ్యాల వాన్ని మన్నుల వెడ్తరట. నా బదులు నువ్వు పో అన్నా.”

ఆపరేషన్ అయ్యింది. గండం గడిచిందన్నాడు డాక్టరు. దేవేందర్ గోడకానుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, ఊరి చివరి ఖబరస్తాన్‌కి బయల్దేరాడు.

అక్కడ ఉన్నది నలుగురే. ఓడ కంపెనీ తరఫున వచ్చిన హైదరాబాదీ బాసిత్, మసీదు నుంచి వచ్చిన ముగ్గురు.

“ఈ పిల్లగాని అయ్య యాడ?” అన్నాడు దేవేందర్.

“రాలేకపోయాడు భాయ్. పోలీసుల పని ముగిసి శవాన్ని ఇచ్చేశారు. ఇంక ఆపడానికి లేదన్నారు.”

నిన్నటి నుంచి సగం చల్లారిన కోపం మళ్లీ భగ్గుమంది.

“రాలేకపోయిండా? నా తమ్మునికి పాణం పోసి పోయిండు ఈ పోరడు! కన్నకొడుకు మట్టికి రానంత పనేం వడ్డది ఆ పెద్దమనిషికి? యాడుంటడో జెప్పు, పోయి గల్ల వట్టి అడుగుత!”

బాసిత్ వంగి, తవ్విన గుంత పక్కనుంచి గుప్పెడు మన్ను తీసి దేవేందర్ దోసిట్లో పోశాడు.

“వాళ్ల నాన్న గలాలీ నుంచి ఇందాకే ఫోన్ చేశాడు భాయ్. ‘నా సీట్ల వెంకటి వాళ్ల అన్న వచ్చిండు, నా బిడ్డకు నా బదులు ఆయనతోనే మట్టి ఇప్పించు’ అన్నాడు.”