నిస్సీ హాజరు కాలేదు

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు బాలసుబ్రమణ్యం కారు ఐరాలలో మునిరత్నమ్మ ఇంటి ముందు ఆగింది. ఆయన జాతీయ గ్రామీణ పరుగు పందేల సమాఖ్య అధ్యక్షుడు. వెంట కార్యదర్శి ధనంజయ ఉన్నాడు.

మునిరత్నమ్మ గడపలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

“నిస్సీ ఉండాదా అమ్మా?” ధనంజయ అడిగాడు.

“లేదు సార్.”

“యాడికి పోయింది? ఎప్పుడొస్తుంది?”

“రాదు సార్. సచ్చిపోయింది.”

ధనంజయ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు అరుగు మీద కూర్చున్నాడు.

2015లో అండర్-14 పదిహేను వందల మీటర్ల పరుగులో నిస్సీ జాతీయ బంగారు పతకం గెలిచింది. బాలసుబ్రమణ్యం అప్పుడు కార్వేటినగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు, జిల్లా సంఘం కార్యదర్శి. నిస్సీ దరఖాస్తు మీద సంతకం ఆయనదే. ఆ పతకం చూపించి రాష్ట్ర కార్యదర్శి అయ్యాడు. ఆరేళ్లకు జాతీయ అధ్యక్షుడయ్యాడు. తొమ్మిది మంది పిల్లలతో పద్నాలుగు మంది అధికారులు విదేశం వెళ్లారని ఒకసారి ఆరోపణ వచ్చింది. ఎంపిక పోటీలు పెట్టకుండానే జట్టు ప్రకటించారని ఇంకోసారి వచ్చింది. రెండూ రుజువు కాలేదు. ఈసారి ఎన్నికల్లో ప్రత్యర్థి ఢిల్లీబాబు మూడోది పెట్టాడు. నిస్సీ వయసు తగ్గించి పరుగెత్తించారని. శుక్రవారం తిరుపతిలో విచారణ. నిస్సీ వచ్చి అవునంటే బాలసుబ్రమణ్యం మీద జీవితకాల నిషేధం. కాదని చెప్పమని అడగడానికే ఆయన ఐరాల వచ్చాడు.

“మోకాలి వల్లనా?” అన్నాడు.

ఆ పిల్ల మోకాలి ఆపరేషన్ కోసం ఒకప్పుడు పదకొండు సార్లు ఫోన్ చేసింది. పన్నెండోసారి ఆయన తీశాడు. “సార్, మోకాలు” అని వినబడగానే పెట్టేశాడు.

“జొరం సార్,” అంది మునిరత్నమ్మ. “మూడు దినాలు.”

“సార్, మజ్జిగ.”

బాలసుబ్రమణ్యం ఉలిక్కిపడ్డాడు. ఫోన్‌లో విన్న గొంతు అది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకామె లోపలినుంచి రెండు గ్లాసులు తెచ్చింది. గడప దాటేటప్పుడు తలుపు పట్టుకుంది.

“నా పెద్దబిడ్డ గ్రేసీ,” అంది మునిరత్నమ్మ. “ఇద్దరి గొంతూ ఒకటే అంటారు.”

ఆయన గ్లాసు అందుకున్నాడు. ఆమె మొహం వైపు చూడలేదు. నిస్సీని కూడా ఆయన చూసింది రెండుసార్లే. పేపర్లో వచ్చిన ఫోటోలో దండల వెనక ఆ పిల్ల మొహం సగమే పడింది.

చర్చి వెనక సమాధి చూపించారు. సిమెంటు శిలువ, రాత లేదు. బాలసుబ్రమణ్యం చెప్పులు విప్పి నిలబడ్డాడు.

“ఇంత చిన్నదా?” అన్నాడు.

“దానికి సరిపోయింది సార్,” అంది గ్రేసీ.

కారు దగ్గర ధనంజయ గొంతు తగ్గించాడు. “అన్నా, దేవుడు కూడా మన ప్యానెల్లోనే ఉండాడు. కాగితమొకటి దొరికితే సాలు.”

గ్రేసీ ఇంట్లోకి వెళ్లి ఒక కవరు తెచ్చింది. “మరణ ధ్రువపత్రం సార్. ఇసారణలో మీ సేత్తోనే ఇయ్యండి.”

ధనంజయ తీసి చూశాడు. “పేరు నిస్సీ. నాయన ప్రేమానందం. ముద్ర ఉండాది.” మళ్లీ కవర్లో పెట్టాడు. సమాఖ్య ఆఫీసులో ఏ పిల్ల కాగితమైనా వాళ్లు చూసేది ఆ మూడే.

“నీకేమైనా కావాలామ్మా?” బాలసుబ్రమణ్యం అడిగాడు. “స్కూల్లో పీఈటీ ఉద్యోగం చెప్తాను.”

“నా పేరు మీద ఒక్క సర్టిఫికెట్టూ లేదు సార్. యెట్లిస్తారు?”

ధనంజయ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

దారిలో ఆయన రెండుసార్లు ఫోన్ తీసి చూసుకున్నాడు. మోగిందా అని ధనంజయను అడిగాడు. లేదన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు విచారణ మొదలైంది. విశ్రాంత న్యాయమూర్తి రేవతి విచారణాధికారి. ఢిల్లీబాబు ముందు వరుసలో ఉన్నాడు.

“ఏమప్పా బాలా, రాత్రి నిద్ర పట్టిందా?”

మంగళవారం నుంచి బాలసుబ్రమణ్యానికి నిద్ర లేదు.

అటెండరు వరండాలో నిలబడి పిలిచాడు. “నిస్సీ, తండ్రి ప్రేమానందం, ఐరాల.” రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు చివరి బెంచీలో గ్రేసీ లేవబోయింది. మళ్లీ కూర్చుంది. ఆమె చేతిలో నిస్సీ పేరున వచ్చిన నోటీసు ఉంది.

బాలసుబ్రమణ్యం లేచాడు. “ఆ బిడ్డ లేదు మేడం. చనిపోయింది.” కవరు ఆయనే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. “సమాధి కూడా చూసి వచ్చినాను. పోయిన పిల్ల మీద నింద వెయ్యొద్దని నా మనవి.”

ఢిల్లీబాబు తల దించుకున్నాడు.

రేవతి కాగితం విప్పింది. చాలాసేపు చదివింది.

“ఈ కాగితంలో ఉన్న నిస్సీ, 2015లో పరుగెత్తిన నిస్సీ ఒక్కరేనా?”

“ఒక్కరే మేడం.”

“జనన ధ్రువపత్రం కూడా ఈమెదేనా?”

“ఈమెదే. నేనే చూసి సంతకం పెట్టినాను.”

“రాసుకోండి,” అంది రేవతి స్టెనోతో. వాంగ్మూలం కింద బాలసుబ్రమణ్యం సంతకం చేశాడు. టైము పదకొండు ఇరవై ఆరు. ధనంజయ ఆయన భుజం తట్టాడు.

రేవతి ధ్రువపత్రాన్ని మొదటినుంచి పైకి చదివింది. పేరు. తండ్రి పేరు. ఊరు.

చనిపోయేనాటికి నిస్సీ వయసు రెండేళ్లు.