జానెడు ఇనుప పిన్ను

తెల్లారితే ప్రొద్దుటూరులో ట్రాక్టరు లైసెన్సు టెస్టు. అది పాసైతే నాపరాళ్ల గనిలో మాబున్నికి డ్రైవరు పని ఖాయం. ఆరు వారాలుగా ఆమెకు లొంగనిది ఒక్కటే, ట్రాలీతో రివర్సు. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. ఆ మాయదారి లెక్క చేతులకు పట్టుబడలేదు.

ఆ రాత్రి జమ్మలమడుగు దారి పక్కన, చదునైన బీడులో ఆఖరి ప్రాక్టీసు. ఆమె సీటెక్కగానే, నేర్పే ఓబులేసుకు ఫోను మోగింది. మాట్లాడుతూ రోడ్డు వైపు నడిచాడు. అతను వచ్చేదాకా మాబున్ని ఆగలేకపోయింది. అద్దంలో ట్రాలీ మూలలకు అంటించిన ఎర్ర రిఫ్లెక్టరు బిళ్లలు రెండూ మెరుస్తున్నాయి. వెనక్కి వదిలింది.

ట్రాలీ మెత్తగా తిరిగి, ప్రాక్టీసుకు గురుతుగా పాతిన రెండు బండల మధ్యకు గీత గీసినట్టు దూరింది. ఒక్క కుదుపు లేదు. ఇనుము కిర్రుమన్న చప్పుడు కూడా లేదు.

ఇంజను ఆపి కేక పెట్టింది. "మామా! చూసినావా? సక్కగా పోయింది మామా!"

ఓబులేసు పరిగెత్తుకొచ్చాడు. ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమ టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"పిన్ను ఎవురు ఏసినారు మ్మే?"

"నువ్వే కదా!"

"నేను ఇంగా తగిలించనే ల్యా." రెంటినీ కలిపే జానెడు ఇనుప పిన్ను జేబులోంచి తీశాడు. "దిగు. ముందు నువ్వు దిగు."

మాబున్ని ముఖం మీద నవ్వు ఇంకా అట్లే ఉంది. ట్రాలీ మెల్లగా వెనక్కి కదిలింది. దాని వెంటే, ఇంజను ఆగిన ట్రాక్టరూ.