లాక్రిసోల్, అర లీటరు

...దొంగతనం కాకపోతే ఇంకేమిటి? బండి పోతే పోలీసులున్నారు, బంగారం పోతే పోలీసులున్నారు. మాట పోతే ఎవరున్నారు? కేసముద్రం స్టేషన్లో దిగి మార్కెట్ దాకా నడుస్తున్నంతసేపూ రామ్మోహన్ ఇదే అనుకున్నాడు. మహబూబాబాద్ కాలేజీలో అతను ఇంగ్లీషు చెబుతాడు. మిగిలిన కాలమంతా లాటిన్ ధాతువులు తవ్వి ఇంగ్లీషులో లేని మాటలు తయారుచేస్తాడు. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలే నిశ్శబ్దానికి ఒకటి. పెళ్లి భోజనంలో ముక్కూమొహం తెలియనివాడి పక్కన కూర్చున్న ఇబ్బందికి ఒకటి. కానీ వాటన్నిటిలో గొప్పది లాక్రిసోల్. లాక్రిమా అంటే కన్నీరు, సోలస్ అంటే ఒంటరి. రెంటినీ అతికించి, నున్నగా చెక్కాడు. ఎవరికీ వినపడకుండా ఒంటరిగా ఏడవడం అని అర్థం. ఇప్పుడది మిరపచేలో నల్లతామర పురుగును చంపే మందు.

బావమరిది శ్రీకర్ పురుగుమందుల దుకాణంలో అర లీటరు సీసాలు కౌంటర్ మీదే వరసగా నిలబడి ఉన్నాయి. ఎర్ర అక్షరాలు, కింద పండు మిరపకాయ బొమ్మ. రామ్మోహన్ ఒకటి తీసి కౌంటర్ మీద ఠక్కున కొట్టాడు.

"ఏందిరా ఇది?"

"రా బావ, కూసో. ఛాయ్ చెప్పనా?"

"ఛాయ్ ఎవడికి కావాలె? ఇది నా మాట. ఎవల్నడిగి పెట్టినవ్?"

శ్రీకర్ నవ్వాడు. "మాట మీద నీకేమన్న పట్టా ఉన్నదా బావ? హైదరాబాదోళ్లు మందు జేసిస్తరు, పేరు మనమే పెట్టుకోవాలె. ఇంగ్లీషుల బరువుగ ఉండాలె, ఎవలికీ సమజ్ గావద్దు. సమజైతె రైతు కొనడు. నీది గట్లనే ఉన్నది."

"లండన్ల డిక్షనరీ వాళ్లకు పంపిన దాన్ని. తెలుసా నీకు?"

"ఏమన్నరు?"

రామ్మోహన్ సీసాను అటూ ఇటూ తిప్పాడు. "నలుగురి వాడకంల ఉంటె చూస్తమన్నరు."

"మరింకేంది! వాడకంల పెట్టిన గద. మరిపెడ దాకా లాక్రిసోల్, లాక్రిసోల్ అంటుండ్రు. నువ్వే నాకు ఛాయ్ తాపియ్యాలె."

రామ్మోహన్ చెవులు వేడెక్కాయి. కోపంలో ఒక సుఖం ఉందని అతను చాలాకాలం కిందే గమనించాడు. కోపంగా ఉన్నంతసేపూ ఇంకో విషయం ఆలోచించనక్కర్లేదు. ఈ దుకాణం పైనే శ్రీకర్ ఇల్లు. బతుకమ్మకని ఇక్కడికి వచ్చిన తన భార్య వాసవి దీపావళి దాటినా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "వస్త తియ్యి" అంటుంది. ఆమె సంగతి తర్వాత చూడవచ్చు. ముందు ఈ సీసాల సంగతి తేలాలి.

అంతలో సోమ్లీ అనే లంబాడీ రైతు వచ్చి ఖాళీ సీసా కౌంటర్ మీద పెట్టింది. "గిదే, ఇంకో రెండు ఇయ్యి సేటు."

"అమ్మా, ఆ పేరుకు అర్థమేందో తెలుసా?" అన్నాడు రామ్మోహన్.

"మందు పేరుకు అర్థముంటదా సారు?"

"దీనికి ఉన్నది. ఒక్కలే కూసొని, బయటికి ఇనపడకుంట ఏడ్సుడు."

సోమ్లీ సీసా మీది చెయ్యి చటుక్కున తీసేసింది. "ఏందీ, ఏడ్సుడా? థూ! గందుకేనా మా చేనుల ఆకుముడత పోతలేదు? ఏం సేటు, పచ్చని చేను మీద ఏడ్పు కొట్టిస్తున్నవా నాతోని? నీ మందు నాకొద్దు, నువ్వే కొట్టుకో!"

విసురుగా దిగిపోయింది. బయట ట్రాక్టరు దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లకు చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. దుకాణం వైపు వస్తున్నవాళ్లు అక్కడే ఆగి, ఆమె వెంట ఎదురు దుకాణంలోకి నడిచారు.

శ్రీకర్ ముఖంలో నవ్వు పోయింది. "సల్లగైందా బావ? పొద్దుగూకేసరికి తండలన్నిట్ల ఎరుకైతది. లోపల పెట్టెలకు పెట్టెలున్నయి. గిప్పుడు ఎవడు కొంటడు?"

"కొనకపోతె పాయె. లేబుళ్లన్నీ చింపెయ్యి. దొంగమాటతోని బేరం జేస్తె గిట్లనే ఉంటది."

"మల్ల దొంగంటున్నవ్!" శ్రీకర్ కౌంటర్ పలక ఎత్తి ఇవతలికి వచ్చాడు. "అక్క వచ్చి ఎన్ని దినాలైంది? ఒక్కపారన్న వచ్చినవా? సీసా మీద పేరు జూసి మాత్రం రైలెక్కి ఉరికొచ్చినవ్. నేను దొంగిలియ్యలే. పేరు దొరుకతలేదంటె అక్కనే చెప్పింది."

"వాసవా? దానికేం తెలుసు ఆ మాట విలువ?"

"నేను గూడ అర్థం అడిగిన. ఏమన్నదో చెప్పనా?" శ్రీకర్ గొంతు తగ్గింది. తగ్గాక ఇంకా కోపంగా వినిపించింది. "'స్నానాల రూముల నల్లా ఇడిసి నేను ఏడుస్తాంటె, మీ బావ తలుపవతల నిలవడి ఇన్నడు. తలుపు కొట్టలే. మెల్లగ పోయి డిక్షనరీ దీసిండు. గప్పుడు పుట్టింది గా మాట' అన్నది."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. రామ్మోహన్ తన చేతిలోని సీసాను కౌంటర్ మీద చప్పుడు కాకుండా పెట్టి, దుకాణం వెనక మెట్లెక్కాడు.

పైన తలుపు వేసి ఉంది. ఈసారి కొట్టాడు.