సంఘం లేని వీధి

శ్రీపాల్‌కు ఇల్లు కావాలి. ఇంటికంటే ముందు అతనికి సంఘం లేని వీధి కావాలి.

అతను మట్కా ఆడించేవాడు. జనం అంకెల మీద పైసలు కాస్తారు, అతను చీటీ రాసిస్తాడు, గెలిచే అంకె బొంబాయి నుంచి వస్తుంది. ఈ పనిలో అతన్ని పోలీసులకంటే ఇరుగుపొరుగువాళ్లే ఎక్కువ ఇబ్బంది పెట్టారు.

మొదట మానుకోటలో కొన్నాడు. ఆ కాలనీకి సంఘం ఉందని తెలుసు. సంఘమంటే మోరీలు బాగుచేయించడం, వీధి దీపాలు పెట్టించడం అనుకున్నాడు. సంఘం కార్యదర్శి వీధి మొదట్లో నల్లబల్ల పెట్టి, నిన్న శ్రీపాల్ ఇంటికి ఎవరెవరు వచ్చారో రోజూ పొద్దున సుద్దముక్కతో రాసేవాడు. ఆ పేర్లు చదువుకుని వాళ్ల భార్యలు వచ్చేవారు. రెండు నెలల్లో శ్రీపాల్ ఇల్లు అమ్ముకున్నాడు.

తర్వాత కేసముద్రంలో, మార్కెట్ యార్డు వెనక కొన్నాడు. అక్కడ హమాలీల భార్యలకు ఒక సంఘం ఉందని కొన్నాక తెలిసింది. ఒకరోజు తలుపు తీస్తే గోడకు ముప్పై ఒక్క చీపుళ్లు ఆనించి ఉన్నాయి. వాటిని తెచ్చిన ఆడవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆ రోజే సామాను లారీ ఎక్కింది.

"గీసారి గూడ ఎల్లగొడితే నేను మా బాపు ఇంటికి పోత," అంది భార్య కమల. "మల్ల రాను. నువ్వు, నీ నంబర్లు ఉండుండ్రి."

1982 ఫిబ్రవరిలో శ్రీపాల్ జనగామ వచ్చి, కొండల్ అనే ఇళ్ల బ్రోకరును పట్టుకున్నాడు.

"వాడకట్టుల సంఘం ఉన్నదా?" అన్నది, కొండల్ చూపించిన మొదటి ఇంటి ముందు అతని మొదటి ప్రశ్న.

ఇల్లు కొనేవాళ్లకు ఏ జవాబు నచ్చుతుందో కొండల్‌కు తెలుసు. "మస్తుగుంటది సారు. ఎవలింట్ల పెండ్లయినా గల్లీ అంత అక్కడనే," అన్నాడు. శ్రీపాల్ ఇంట్లోకి కూడా వెళ్లకుండా వెనక్కి తిరిగాడు. రెండో వీధిలోనూ అంతే.

కొండల్‌కు విసుగొచ్చింది. "స్టేషన్ ఎనుక ఇంకోటున్నది గని, మీకు సూపియ్య. ఆడోళ్లకు ఆడోళ్లకు పడది, మొగోళ్లకు మొగోళ్లకు పడది. నెల దినాలల్ల నలుగురొచ్చిండ్రు, నలుగురు ఉరికిండ్రు."

"నడు," అన్నాడు శ్రీపాల్.

వీధిలో ఎనిమిది ఇళ్లు. అమ్మకానికి ఉన్నది చివరిది. దాని యజమాని వరంగల్‌లో ఉంటాడు. శ్రీపాల్, కొండల్ మలుపు తిరిగేసరికి నల్లా దగ్గర ఆ వీధి ఆడవాళ్లు పోశమ్మ, శకుంతల అరుచుకుంటున్నారు.

"నీ బిందెకు కాళ్లొచ్చినయా, ముందట్కి దుంకింది?"

"నోరు మంచిగ పెట్టు పోశవ్వా. నీ కోడలు నీ ఇంట్ల ఎందుకుంటలేదో గల్లీ అంత ఎరుకనే."

"నీ ఇంట్ల కుక్క సుత ఉంటలేదు గదనే!"

బిందె పక్కకు దొర్లింది. నీళ్లు శ్రీపాల్ పాంటు మీద పడ్డాయి. అతను రెండడుగులు జరిగి, మళ్లీ వినసాగాడు.

పక్కన అరుగు మీద లక్ష్మీకాంత్ అనే బడి పంతులు కూర్చుని పేపరు చదువుతున్నాడు. శ్రీపాల్ అతన్నీ సంఘం గురించి అడిగాడు.

"సంఘమా?" అన్నాడు లక్ష్మీకాంత్. "పక్కింటి ప్రభాకర్‌తోని మాట్లాడక ఆరేండ్లాయె. ఇంక సంఘమేడిది?"

పక్క గోడ మీదుగా ప్రభాకర్ తల పైకి లేచింది. "ఏంది పంతులూ, నా ముచ్చటేనా? నీ బర్రె నా చిక్కుడు తీగ ఎందుకు మేసిందో గది చెప్పు ముందుగాల!"

"పక్కింట్ల ఏమన్న లొల్లయితే పోయి సూడరా?" అని అడిగాడు శ్రీపాల్.

"దొంగలు వడ్డా దుప్పటి కప్పుకొని పండుకుంట," అన్నాడు లక్ష్మీకాంత్.

కొండల్ తల పట్టుకున్నాడు. శ్రీపాల్ వెళ్లి ఇల్లు చూశాడు. హాలులో నలభై మంది కూర్చోవచ్చు. బయటికొచ్చి, వీధిలోనే నిలబడి, "బయానా పైసలు ఇయ్యాల్నే ఇస్త," అన్నాడు.

నల్లా దగ్గర అరుపులు ఆగాయి.

"సారు, జర ఆలోచన జేయిండ్రి. రేపు నన్ను తిట్టొద్దు," అన్నాడు కొండల్.

"నాకు గిసొంటి జాగనే కావాలె."

కేసముద్రం ఇల్లు అమ్మగా వచ్చిందంతా దీనికే పెట్టాడు. నెలలోపు రిజిస్ట్రేషన్ అయింది. శనివారం సామాను దిగింది. సోమవారం నుంచి ఆట మొదలని తెలిసినవాళ్లకు కబురు పంపాడు.

"గీడ ఎవలి మొకం ఎవలు సూడరు," అని కమలకు చెప్పాడు. ఆమె తన పెట్టె విప్పి చీరలు గూట్లో సర్దుకుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఎవరో తలుపు కొట్టారు. శ్రీపాల్ తీశాడు.

ఏడిళ్ల వాళ్లూ వచ్చారు. ఒక బెంచీని ఈ కొస లక్ష్మీకాంత్, ఆ కొస ప్రభాకర్ పట్టుకుని ఉన్నారు. శకుంతల గ్లాసులు పట్టుకుంటే పోశమ్మ చాయ్ పోస్తోంది. మొదటి గ్లాసు శ్రీపాల్ చేతికిచ్చింది.

"మీకు మీకు మాటల్లేవు గద?" అన్నాడు శ్రీపాల్.

పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. లక్ష్మీకాంత్ బెంచీ కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"తప్పుగ అనుకోకుండ్రి సారు. ఇల్లు గలాయన పదేండ్ల సంది దీన్ని మాకు ఉట్టిగనే ఇడిసిండు, అమ్ముడువోతే కూసునే జాగ పోతదని, కొననీకొచ్చినోళ్లు జడిసి పోవాల్నని అందరం కల్సి తీర్మానం జేసుకొని కొట్లాడినం. మీరు కొన్నది మా సంఘం ఆఫీసు."