గులాబీ దొంగ

కేకు మీద క్రీముతో వేసిన గులాబీ మళ్ళీ మాయమైంది. కేకు జోలికి ఎవరూ పోలేదు. గులాబీని మాత్రం వేలితో శుభ్రంగా గీకేశారు.

"నేను చెప్పలేదూ? చిన్నది తిరిగొచ్చింది," అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి. కొన్నాళ్ళుగా ఆవిడది ఇదే పాట.

ఆవిడ అన్నది కోడలి గురించే. ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఈ కోడలి ఒంట్లో ఒకప్పుడు ముగ్గురు కాపురముండేవారు. ఓర్పుగా కేకులు చేసే ఆవిడ ఒకరు, అందర్నీ కసిరే పెద్దావిడ ఒకరు. మూడోది చిన్నది. క్రీము గులాబీలు కాజేసి, పేకాటలో జోకరు దాచేసి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేది. ఒకరు చేసింది ఇంకొకరికి గుర్తుండేది కాదు. మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఏళ్ళ తరబడి తంటాలు పడి ముగ్గుర్నీ ఒక్కరిగా కలిపింది. ఇప్పుడు చిన్నది మళ్ళీ విడిపోయిందంటే ఆ కష్టమంతా బూడిదపాలే.

భయపడుతూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. మర్నాడు గులాబీ లోపలి రేకుల్లో ముదురు నీలం రంగు దట్టించి, పైన ఎప్పటిలా తెల్ల క్రీము చుట్టింది. ఒకవేళ రంగు సంగతి తెలిసినా చిన్నది ఆగదు. తీపి కనబడితే దానికి ఒళ్ళు తెలియదు.

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గులాబీ లేదు.

కోడలు అద్దం దగ్గరికి పరిగెత్తింది. కళ్ళు మూసుకుని నాలుక చాపి, మెల్లగా ఒక కన్ను తెరిచింది. ఎర్రగా, శుభ్రంగా ఉంది. అద్దానికి ముద్దు పెట్టి, గరిటె పట్టుకుని గదంతా గిర్రున తిరిగింది.

"ఏదీ, నాలుక చూపించండి," అంది ముందుగదిలో గడియారాలు బాగుచేస్తున్న మొగుడితో.

"నాకేం జబ్బు?" అంటూనే చూపించాడు. అదీ ఎర్రగానే ఉంది.

ఇక మిగిలింది అత్తగారు. వాగడం మొదలుపెడితే ఆపని మనిషి, ఆ పూట దేనికైనా పెదాలు బిగించి "ఊఁ" అంటోంది.

"అత్తయ్యా, గులాబీ రుచిగా ఉందా?"

ఆవిడకు నవ్వు ఆగలేదు. పళ్ళు, చిగుళ్ళు, నాలుక అన్నీ నీలమే. కోడలు నేల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"మరి నా మీదకి తోశారేం?"

"వచ్చింది, వచ్చింది అంటూ ఉంటే నిజంగానే వస్తుందేమోనని," అంది అత్తగారు చేత్తో నోరు కప్పుకుని. "నువ్వు మంచిదానివే. కానీ నాతో పేకాడేది అదొక్కతే కదే. అది లేక నాకు తోచడం లేదు."

కోడలు వెళ్ళి పేకముక్కలు తెచ్చి, కింద కూర్చుని పంచింది. ఆడుతుంటే పాత అల్లరేదో ఒళ్ళంతా పాకింది. ఈసారి మరపు లేదు, తను చేస్తున్నదంతా తనకు తెలుస్తూనే ఉంది. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది.

అత్తగారు ఆమెకేసి తేరిపార చూసి, ముక్కలు కింద పెట్టేసి, నీలం పళ్ళన్నీ బయటపెట్టింది.

"ఒసే చిన్నదానా, లే. జోకరు మీద కూర్చున్నావు."