నీలమంటే ప్రాణం

గాలివానకు కరెంటు పోవడంతో, అక్క ఊపిరి యంత్రాన్ని తమ్ముడు తన ఎలక్ట్రిక్ బండి బ్యాటరీకి తగిలించాడు. అంబులెన్సు వచ్చేదాకా అదే ఆధారం. భయం మరచిపోవడానికి బావాబావమరుదులిద్దరికీ బండ్ల ముచ్చటే దిక్కయింది.

“మొండి బ్యాటరీ బావా, సాయంత్రందాకా లాగుతుంది. నీ డబ్బా అయితే ఈపాటికి చేతులెత్తేసేది!”

“నీ బండి రంగు చూసుకో ముందు. పండిన టమాటాలా ఉంది!”

“సరేలే, నీలం వేయిస్తా. అక్కకి అదేగా ఇష్టం!”

మంచం పక్కన కూర్చున్న బావ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

“అవును. మీ అక్కకి నీలమంటే ప్రాణంగా ఉండేది.”

“ఉండేది ఏమిటి బావా? ఉంది అను!”

తమ్ముడు బ్యాటరీ వైపు చూశాడు. సగం ఛార్జి మిగిలే ఉంది. యంత్రం నడుస్తూనే ఉంది.

బావ చల్లబడిన ఆమె చేతిని మెల్లగా వదిలి, లేచి, యంత్రాన్ని ఆపాడు.