మేనమామ పోలిక

"సగం నా జీన్స్, సగం మీ అమ్మవి. మా వైపు మూడు తరాల్లో ఇలాంటి వాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు," అన్నాడు రాఘవులు, పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

"పెళ్లయితే కాదని ప్రూఫా నాన్నా?" అన్నాడు అనిరుధ్. అతని కంచంలో అన్నం అలాగే ఉంది. "అయినా ఒక్క జీన్ అని ఏం లేదు. చాలా ఉంటాయి. అవి కూడా కొంచెమే చెప్తాయి."

"ముప్పై ఏళ్లు ఫార్మాలో చేసినవాణ్ణి. నాకు చెప్పకు."

దేవ్‌ని పెళ్లి చేసుకుంటున్నానని కొడుకు చెప్పినప్పటి నుంచీ రాఘవులు రిసెర్చ్ పేపర్లు తిరగేస్తూనే ఉన్నాడు. తల్లి ఉమామహేశ్వరి మాత్రం ఆ రోజు ఒక్క ప్రశ్నే అడిగింది. "అతను దూరమైతే ఉండగలవా?" ఉండలేనన్నాడు. "అయితే దూరం కానివ్వకు," అంది.

ఇవాళ అనిరుధ్ తండ్రిని పెళ్లికి పిలవడానికి వచ్చాడు. దేవ్ కింద పార్కింగ్‌లో కార్‌లోనే ఉన్నాడు. పైకి రమ్మని రాఘవులు అనలేదు. ఉమామహేశ్వరి దేవ్ కోసం డబ్బాలో పులిహోర సర్దుతోంది.

"మేనమామ పోలికని వీడి బారసాల నాడే అన్నారంతా," అన్నాడు రాఘవులు భార్యతో. " ఆ నుదురు, ఆ నడక అచ్చం శశికాంతే. యాభై దాటినా వాడికి పెళ్లి లేదు. ఇంకేం కావాలి?"

"మా తమ్ముణ్ణెందుకు లాగుతారు?"

"మీవాళ్లంతా అదో రకం. మన పెళ్లిలో నువ్వూ, నీ హాస్టల్ స్నేహితురాలు త్రివేణీ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తుంటే, మీ అమ్మకి ఏడవడానికి చోటే దొరకలేదు."

అనిరుధ్ నవ్వాడు. ఉమామహేశ్వరి డబ్బా మూత నొక్కింది.

రాఘవులు అమెరికాలో, సన్నీవేల్‌లో ఉంటున్న శశికాంత్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మొహమాటం లేకుండా అడిగేశాడు.

అవతల శశికాంత్ పగలబడి నవ్వాడు. "బావా, నేను పెళ్లి చేసుకోనిది మీ కాపురం చూసి! రష్మి అనే అమ్మాయి ఆ రోజుల్లో ఊ అని ఉంటే, నాకూ ఈపాటికి కాలేజీ ఫీజులు ఉండేవి. అన్నట్టు, అనిరుధ్ పెళ్లికి ఫ్లైట్ బుక్ చేశా. నువ్వెప్పుడు బుక్ చేస్తావు?"

రాఘవులు ఫోన్ కట్ చేశాడు. మజ్జిగన్నం కలుపుకున్నాడు.

"రక్తంలో ఉందంటే సరేననుకునేవాణ్ణి," అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "ఎవరి చేతుల్లోనూ లేదని సరిపెట్టుకుని, వచ్చి నా చేత్తో అక్షింతలు వేసేవాణ్ణి. మా వైపూ లేదు, మీ వైపూ లేదు. అంటే వీడు కోరి తెచ్చుకున్నదే. నేను రాను."

అనిరుధ్ కంచం తీసి సింక్‌లో పెట్టాడు. "ఓకే నాన్నా," అని షూస్ వేసుకోవడానికి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. లేసులు ముడి పడటం లేదు.

"ఉండు నాన్నా," అంది ఉమామహేశ్వరి కొడుకుతో. చేతులు తుడుచుకుని, భర్తకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్షింతలు వేస్తానన్నారు. మాట తప్పకండి."

"రక్తంలో ఉంటే అన్నాను."

"ఉంది."

"ఎవరి పోలికట?"

ఆమె డబ్బా మీద చెయ్యి వేసింది.

"నా పోలిక."